చిన్న గ్యాస్ టార్చ్‌లో మంట కుదర్చడం ఎలా: వెల్డింగ్, బ్రేజింగ్ కొత్తగా నేర్చుకునేవారికి

"టార్చ్ కొన్నాను, మంట బాగానే వస్తోంది, రాడ్ మాత్రం పట్టడం లేదు." "రేకు అతకబోతే చిల్లు పడుతోంది." "టప్పుమని పేలి ఆరిపోతోంది, మళ్లీ వెలిగించాలంటే టెన్షన్‌గా ఉంది."

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఫ్రిజ్, ఏసీ పని నేర్చుకునే కుర్రాళ్లు, పొలం సామాను తామే బాగుచేసుకుందామనుకునే రైతులు, రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు, పైపులు చూసుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే. చెయ్యి తిరగలేదని వాళ్లనుకుంటారు. చాలాసార్లు అసలు లోపం పనికి సరిపడని నాజిల్, కుదరని మంట. అందుకే ఇందులో అతుకు వేసే వివరం కాస్త తక్కువ, అతుకు దాకా వెళ్లే ముందు చేయాల్సినది ఎక్కువ.

ఒక్క సూత్రం ముందే చెప్తాను, దీని దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తాం. సన్న మంట కావాలంటే సన్న నాజిల్ పెట్టండి. పెద్ద నాజిల్ పెట్టి వాల్వు తగ్గించి మంటను చిన్నది చేయకండి.

1. మీ దగ్గరున్నది ఏ టార్చో తేల్చుకోండి

అంగట్లో "గ్యాస్ టార్చ్" అని అడిగితే నాలుగు రకాల్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు. ఏది ఏ పనికి పనికొస్తుందో తెలియకపోతే డబ్బు దండగ.

- బ్యూటేన్ డబ్బా టార్చ్: స్ప్రే డబ్బా మీద బిగించేది. టంకం పనికి, బిగుసుకుపోయిన నట్టు వేడి చేయడానికి చాలు. సన్నటి రాగి ట్యూబు బ్రేజింగ్ (ముక్కలు కరగకుండా రాడ్ మాత్రమే కరిగించి అతకడం) కష్టం మీద అవుతుంది. ఇనుము వెల్డింగ్ అవ్వదు.
- ఎల్పీజీ బ్లో టార్చ్: చుట్టూ ఉన్న గాలినే పీల్చుకుని మండుతుంది. మంట వేడి సుమారు 1,900 డిగ్రీల సెంటీగ్రేడ్. టంకానికి, చిన్న రాగి పైపుల బ్రేజింగ్‌కు బాగుంటుంది.
- ఆక్సిజన్, ఎల్పీజీ సెట్టు: ఏసీ మెకానిక్‌లు మోసుకెళ్లేది ఎక్కువగా ఇదే. సుమారు 2,800 డిగ్రీలు. బ్రేజింగ్‌కు భేషుగ్గా ఉంటుంది.
- ఆక్సిజన్, ఎసిటిలిన్ సెట్టు: షెడ్లలో "డీఏ గ్యాస్" అనేది ఈ ఎసిటిలిన్‌నే. సుమారు 3,200 డిగ్రీలు. వెల్డింగ్, బ్రేజింగ్ రెండూ చేయొచ్చు.

"ఇనుము 1,500 డిగ్రీలకే కరుగుతుంది కదా, 1,900 డిగ్రీల మంట చాలదా?" అని అడుగుతారు. చాలదు. మంట ఇచ్చే వేడిని రేకు అంతకంటే వేగంగా పక్కకు లాగేసుకుంటుంది. ఆక్సిజన్, ఎల్పీజీ సెట్టుతో అంచులు కరిగినట్టు కనిపించినా, మంట లోపలి మొన దగ్గర ఎసిటిలిన్‌కు ఉన్నంత చురుకు ఉండదు. చురుకు కోసం ఆక్సిజన్ పెంచితే కరిగిన ఇనుము కాలి పొంగుతుంది, అతుకు పెళుసైపోతుంది. కాబట్టి ఇనుము వెల్డింగ్ నేర్చుకోవాలంటే డీఏ గ్యాస్. బ్రేజింగ్ ఒక్కటే చాలంటే ఎల్పీజీ.

వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ను ఈ పనికి వాడటం చట్టవిరుద్ధం. పైగా స్టవ్ రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ చాలా తక్కువ, టార్చ్‌కు సరిపోదు. చాలక రెగ్యులేటర్ తీసేసి నేరుగా పైపు తగిలించేవాళ్లను చూశాను. ఆ పని మాత్రం చేయకండి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకుని, దానికి తగిన హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టుకోండి.

2. చోటు, గాలి, ఒంటిమీద బట్ట

ఎండలో మంట రంగు కనిపించదు. మన వైపు ఎండాకాలం వెలుతురులో లోపలి కోన్ (మంట మధ్యలో శంకువులా ఉండే మొన) ఎక్కడ ఆగిందో పోల్చుకోవడం పాతకాపులకే కష్టం. నీడలో, వెనక ముదురు రంగు గోడ ఉన్నచోట నిలబడి మంట కుదర్చండి.

గాలి ఇంకో తలనొప్పి. వేసవిలో పగలంతా పడమటి గాలి, పొద్దు వాలితే సముద్రపు గాలి. కొత్తపట్నం, కోడూరు లాంటి తీరం ఊళ్లలో అయితే చెప్పక్కర్లేదు. గాలి మంటను పక్కకు నెడితే బ్రేజింగ్‌కు కావాల్సిన వేడి నిలవదు. పొద్దున్నే పని పెట్టుకోండి, లేదా గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టుకోండి. అలాగని తలుపులు మూసేయకండి. ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే నేలబారున గుంటల్లో, మెట్ల కింద చేరి అక్కడే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- నూలు బట్టలు, పొడుగు చేతులు, కాలును మూసే తోలు బూట్లు. నైలాన్, టెరికాటన్ వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.
- గ్యాస్ వెల్డింగ్‌కు 5వ నంబరు నల్లద్దాలు, బ్రేజింగ్‌కు 3 లేదా 4. కూలింగ్ గ్లాసులు పనికిరావు. కరెంటు వెల్డింగ్ 11వ నంబరు అద్దంలోంచి ఈ మంట అసలు కనపడదు.
- తోలు గ్లౌజులు, పొడిగా ఉన్నవి.
- బకెట్ నీళ్లు, బకెట్ ఇసుక, వీలైతే ఒక ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్.
- కింద మండేది ఏదీ ఉండకూడదు. పని రాయి మీదో, ఫైర్ ఇటుక మీదో పెట్టండి. మామూలు సిమెంటు గచ్చును మంట నేరుగా తాకితే పైపొర పేలి ముక్కలు మొహానికి ఎగురుతాయి.
- చేతులకు, గ్లౌజులకు నూనె, గ్రీజు ఉండకూడదు. పొద్దున తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే ఆక్సిజన్ రెగ్యులేటర్ పట్టుకునే అలవాటు మానాలి. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు.

3. సిలిండర్లు, రెగ్యులేటర్లు బిగించడం

మన దేశంలో ఆక్సిజన్ సిలిండర్ నలుపు, ఎసిటిలిన్ సిలిండర్ మెరూన్. హోస్ పైపుల్లో ఆక్సిజన్‌కు నీలం, ఎసిటిలిన్‌కు ఎరుపు. ఆక్సిజన్ నట్టు మామూలుగా కుడివైపు తిప్పితే బిగుస్తుంది. ఇంధన గ్యాస్ నట్టుది ఎడమ మర, దాని అంచుల మీద గాట్లు ఉంటాయి. మర కుదరడం లేదంటే మీరు తప్పు నట్టు పట్టుకున్నారని అర్థం, బలవంతం చేయొద్దు.

వరుస ఇది:

1. సిలిండర్లను నిలువుగా పెట్టి గొలుసుతో కట్టండి. ఎసిటిలిన్ సిలిండర్‌లో గ్యాస్ అసిటోన్‌లో కరిగి ఉంటుంది. ఆటోలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే వెంటనే వాడకండి, నిలబెట్టి కొన్ని గంటలు వదిలేయండి. లేకపోతే గ్యాస్‌తోపాటు అసిటోన్ కూడా వచ్చేస్తుంది.
2. పక్కకు నిలబడి, దగ్గర్లో నిప్పు లేదని చూసుకుని, ఒక్కో వాల్వును లిప్తపాటు తెరిచి మూయండి. వాల్వు మూతిలో చేరిన దుమ్ము, ఇసుక పోతాయి.
3. రెగ్యులేటర్ బిగించండి. టెఫ్లాన్ టేపు, నార, ఎంసీల్ ఏవీ వద్దు. ఇక్కడ ఇత్తడి మీద ఇత్తడి కూర్చుని ఆగుతుంది. ప్లంబింగ్ చేసి వచ్చినవాళ్లు టేపు చుట్టే అలవాటును ఇక్కడికీ తెస్తారు. టేపు ముక్క లోపలికి పోతే రెగ్యులేటర్ పాడు.
4. రెండు హోసుల్లోనూ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట వెనక్కి హోసులోకి రాకుండా ఆపేవి) పెట్టండి. కొత్తగా నేర్చుకునేవారికి ఇది తప్పనిసరి. డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేసుకోండి.
5. రెగ్యులేటర్ స్క్రూను వదులయ్యేదాకా ఎడమవైపు తిప్పి ఉంచండి. ఆ తర్వాతే సిలిండర్ వాల్వు మెల్లగా తెరవండి. స్క్రూ బిగించి ఉండగా వాల్వు తెరిస్తే ప్రెషరంతా ఒక్కసారిగా గేజి మీద పడుతుంది.
6. ఆక్సిజన్ వాల్వు పూర్తిగా తెరవండి. ఎసిటిలిన్ వాల్వు ఒక చుట్టు చాలు, ఒకటిన్నర దాటొద్దు. వాల్వు తిప్పే తాళంచెవి దాని మీదే ఉంచండి, అవసరమైతే క్షణంలో మూయాలి.

ఎసిటిలిన్ లైనులో రాగి పైపు గానీ రాగి జాయింటు గానీ ఎక్కడా వాడకూడదు. రాగితో కలిసి అది పేలే పదార్థంగా మారుతుంది. హోస్ చిరిగిందని మధ్యలో రాగి ముక్క దూర్చి క్లిప్పు వేసేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి.

4. లీకు చూడటం

టార్చ్ వాల్వులు మూసి, రెగ్యులేటర్లలో పని ప్రెషర్ పెట్టి, సబ్బునీళ్లు బ్రష్‌తో ప్రతి జాయింటుకూ రాయండి. బుడగ వస్తే లీకు. బట్టల పొడి కలిపిన నీళ్లు చాలు, నూనె ఉండే సబ్బు మాత్రం వాడకండి. అగ్గిపుల్లతో లీకు వెతికే ధైర్యం ఎవరికీ వద్దు.

ఇంకో పరీక్ష: సిలిండర్ వాల్వులు మూసి ఐదు నిమిషాలు గేజిలు గమనించండి. ముల్లు కిందికి జారితే ఎక్కడో పోతోంది. మన తీరప్రాంతంలో ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పు పట్టి వదులవుతాయి, ముందు వాటినే అనుమానించండి. హోసును వేళ్లతో వంచి చూడండి. బీటలు కనిపిస్తే టేపు చుట్టకుండా మార్చేయండి.

5. నాజిల్, ప్రెషర్

నాజిల్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం పెద్దది, గంటకు పోయే గ్యాస్ ఎక్కువ. ఇక్కడ మామూలుగా దొరికే వెల్డింగ్ నాజిళ్లలో ఇనుప రేకు మందాన్ని బట్టి సుమారుగా ఇలా పెట్టుకోవచ్చు:

- 0.8 మిల్లీమీటర్ల రేకు: 1వ నంబరు
- 1.2 మి.మీ.: 2వ నంబరు
- 1.6 మి.మీ.: 3వ నంబరు
- 2.5 మి.మీ.: 5వ నంబరు

ఈ చిన్న నాజిళ్లకు రెండు గ్యాసులూ చదరపు సెంటీమీటరుకు 0.15 కేజీ దగ్గర మొదలుపెట్టొచ్చు. ఐటీఐల్లో వెల్డర్ ట్రేడ్ పిల్లలకు మొదట ఇదే నేర్పుతారు. మీ టార్చ్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆక్సిజన్ వేగంతో గ్యాస్‌ను లాక్కునే రకం టార్చ్‌కు ఆక్సిజన్ ప్రెషర్ బాగా ఎక్కువ కావాలి. దాన్నీ దీన్నీ కలపొద్దు.

ఎసిటిలిన్ ప్రెషర్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఒక కేజీ దాటకూడదు. అంతకు మించితే ఆక్సిజన్ లేకుండానే తనంతట తాను విడిపోయి పేలే గుణం దానికుంది. గేజి మీద ఎర్రగీత ఉన్నది అందుకే.

ప్రెషర్ పెట్టే పద్ధతిలో ఒక కిటుకు ఉంది. టార్చ్ వాల్వు మూసి ఉండగా గేజి చూపే అంకె, గ్యాస్ పారుతుండగా చూపే అంకె ఒకటి కాదు. ముందు ఆక్సిజన్ వాల్వు తెరిచి, గ్యాస్ పారుతుండగానే రెగ్యులేటర్‌ను 0.15కు తెచ్చి, వాల్వు మూయండి. తర్వాత ఎసిటిలిన్‌కూ ఆరుబయట, నిప్పుకు దూరంగా అదే చేయండి. ఇలా చేస్తే హోసుల్లో మిగిలిన గాలి కూడా బయటికి పోతుంది. రెండూ ఒకేసారి తెరవకండి.

6. వెలిగించి మంట కుదర్చడం

ఇక్కడ తొందరపడొద్దు. పని ముక్క పక్కన పెట్టేయండి. మొదటి రెండు మూడు రోజులు వెలిగించడం, కుదర్చడం, ఆపడం, మళ్లీ వెలిగించడం, అంతే.

1. టార్చ్ మూతిని మనుషులకు, సిలిండర్లకు, హోసులకు దూరంగా, కాస్త కిందికి పట్టుకోండి.
2. ఎసిటిలిన్ వాల్వును పావు చుట్టు తెరిచి స్పార్క్ లైటర్‌తో వెలిగించండి. అగ్గిపెట్టె, సిగరెట్ లైటర్ వద్దు, చెయ్యి మంటకు మరీ దగ్గరవుతుంది.
3. పసుపుపచ్చటి మంట వస్తుంది, దాని చివర నల్లటి మసి పోగులు లేస్తాయి. పొద్దునే ఆరేసిన బట్టలుంటే ఈలోపే ఇంట్లో కేకలు వినపడతాయి.
4. మసి ఆగేదాకా ఎసిటిలిన్ మెల్లగా పెంచండి. మసి ఆగాలి, మంట అడుగు మాత్రం నాజిల్ మూతిని వదలకూడదు. మధ్యలో ఖాళీ కనిపిస్తే ఎక్కువైంది, మళ్లీ మూతికి ఆనుకునేదాకా తగ్గించండి. ఈ నాజిల్‌కు తగిన గ్యాస్ ఇంత అని ఇక్కడే తెలుస్తుంది.
5. ఇప్పుడు ఆక్సిజన్ వాల్వు వెంట్రుకవాసి చొప్పున తెరవండి. పచ్చదనం పోయి మంట నీలానికి తిరుగుతుంది. అందులో మూడు భాగాలు కనిపిస్తాయి: మూతి దగ్గర మిలమిలలాడే తెల్లటి కోన్, దాని చుట్టూ ముందుకు చాచుకున్న లేతరంగు ఈక, వీటిని కమ్మిన నీలి మంట.
6. ఆక్సిజన్ ఇంకా పెంచుతుంటే ఆ ఈక వెనక్కి ముడుచుకుంటూ వస్తుంది. కళ్లు దాని మీదే ఉంచండి. ఈక వచ్చి తెల్లకోన్‌లో కలిసిపోయిన క్షణంలో చెయ్యి ఆపేయండి. కోన్ అంచులు స్పష్టంగా, మొన అరిగిన బలపం ముక్కలా గుండ్రంగా ఉంటుంది. ఇదే న్యూట్రల్ మంట.

అక్కడితో ఆగకుండా పెంచితే కోన్ పొట్టిగా, సూదిగా మారి ఊదారంగు కలుస్తుంది, చప్పుడు బుస్సుమని గట్టిగా వస్తుంది. ఇది ఆక్సిడైజింగ్ మంట. ఈక మిగిలే ఉంటే కార్బురైజింగ్ మంట.

నిజంగా న్యూట్రల్‌లో ఉందో లేదో అనుమానం వస్తే ఎసిటిలిన్‌ను రవ్వంత పెంచండి. చిన్న ఈక తొంగిచూడాలి. మళ్లీ తగ్గిస్తే అది పోవాలి. ఎంత తిప్పినా ఈక రాలేదంటే మీరు ఆక్సిడైజింగ్ వైపు దూరం వెళ్లిపోయారు. నల్లద్దాల కళ్లజోడు పెట్టుకునే చూడండి. ఉత్త కళ్లకు తెల్లటి వెలుగు తప్ప ఈక తెలియదు.

చెవి కూడా పని చేయాలి. సరైన మంట సన్నగా, ఒకే శ్రుతిలో మోగుతుంది. వాల్వు ముట్టకుండానే చప్పుడు మారిందంటే సిలిండర్ అయిపోవస్తోంది, హోస్ మడత పడింది, లేదా నాజిల్ వేడెక్కింది.

ఆక్సిజన్, ఎల్పీజీ టార్చ్‌లో ఈక ఇంత స్పష్టంగా కనపడదు. ఎల్పీజీకి ఎసిటిలిన్‌కంటే చాలా ఎక్కువ ఆక్సిజన్ కావాలి, ఒక పాలు గ్యాస్‌కు మూడున్నర నుంచి నాలుగు పాళ్లు. పొడుగ్గా రెపరెపలాడే మంట మెల్లగా బిగిసి, లోపల చిన్న నీలికోన్లు తేటగా కనిపించిన చోట ఆగండి. ఎసిటిలిన్‌కు వాడే నాజిల్‌ను ఎల్పీజీకి వాడొద్దు.

డబ్బా టార్చ్ ఉన్నవాళ్లు: వెలిగించిన మొదటి నిమిషం, రెండు నిమిషాలు డబ్బా నిలువుగానే పట్టుకోండి. వెంటనే వంచితే ద్రవం మూతిలోకి వచ్చి పచ్చటి మంట బుస్సున ఎగుస్తుంది. గాలి రంధ్రాల రింగు తిప్పి, లోపల నీలికోన్ తేటగా కనిపించేలా చేసుకోండి. డబ్బాలను మే నెలలో బైకు డిక్కీలో, కారులో వదిలేయకండి. 50 డిగ్రీలు దాటకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. ఎండలో నిలిపిన బండిలో ఆ వేడి వచ్చేస్తుంది.

7. ఏ పనికి ఏ మంట

- ఇనుప రేకు వెల్డింగ్: న్యూట్రల్.
- రాగికి రాగి, ఫాస్ఫరస్ కాపర్ రాడ్‌తో: న్యూట్రల్, లేదా ఈక కొద్దిగా మిగిలి ఉన్న మంట.
- సిల్వర్ రాడ్ బ్రేజింగ్: అదే.
- ఇనుముకు ఇత్తడి రాడ్: కొద్దిగా ఆక్సిడైజింగ్. రాడ్‌లోని జింకు పొగై పోవడం తగ్గుతుంది.

అల్యూమినియం జోలికి ఇప్పుడే పోకండి. కరిగే ముందు రంగు మారదు, చూస్తుండగానే కుప్పకూలుతుంది.

8. వెల్డింగ్: ముందు రాడ్ లేకుండా

1.6 లేదా 2 మి.మీ. ఇనుప రేకు ముక్క తీసుకోండి. జీఐ రేకు వద్దు, పైనున్న జింకు కాలి ఆ పొగకు రాత్రికి జ్వరం వస్తుంది. తుప్పు, రంగు ఎమెరీతో తోమేయండి.

తెల్లకోన్ మొన రేకుకు 2, 3 మి.మీ. ఎత్తులో ఉండాలి, తాకకూడదు. టార్చ్‌ను 60, 70 డిగ్రీల వాలులో పట్టుకుని ఒకేచోట ఆపండి. రేకు ఎర్రబడి, తెల్లబడి, చెమర్చినట్టు మెరిసి, చిన్న మడుగుగా కరుగుతుంది. ఆ మడుగు 5, 6 మి.మీ. వెడల్పుకు రాగానే టార్చ్‌ను కుడి నుంచి ఎడమకు, సన్నగా సున్నాలు చుడుతూ నడపండి. మడుగు వెడల్పు మారకుండా నడపడమే ఇక్కడి పాఠం.

మంట ఎలా ఉందో మడుగే చెప్తుంది:

- నిశ్శబ్దంగా, తేటగా మెరుస్తుంటే న్యూట్రల్.
- నిప్పురవ్వలు చిమ్ముతూ నురగ కడితే ఆక్సిజన్ ఎక్కువైంది.
- మసకబారి కుతకుతమంటుంటే ఎసిటిలిన్ ఎక్కువైంది.

రాడ్ లేకుండా వరుసలు తిన్నగా వచ్చాకే రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, మధ్యమధ్య చుక్కలు వేసి, 1.6 మి.మీ. రాగిపూత ఇనుప రాడ్ అందుకోండి. రాడ్‌ను 30, 40 డిగ్రీల వాలులో పట్టుకుని మడుగులో ముంచి తీస్తుండాలి. మంటలో పెట్టి చుక్కలుగా కార్చొద్దు. కార్చిన చుక్క పైన కూర్చుంటుంది తప్ప రేకులో కలవదు; అతుకు చూడ్డానికి బాగుంటుంది, సుత్తితో ఒక్కటేస్తే ఊడొస్తుంది.

చిల్లు పడుతోందా? మంట పెద్దదై ఉండొచ్చు, మీ నడక నెమ్మదై ఉండొచ్చు. వాల్వు తగ్గించకండి. ముందు నడక పెంచి చూడండి, అప్పటికీ పడుతుంటే ఒక నంబరు కింది నాజిల్ పెట్టండి.

9. బ్రేజింగ్: రాగి పైపు మీద

బ్రేజింగ్‌లో పైపు కరగదు, రాడ్ మాత్రమే కరిగి సందులోకి పాకుతుంది. రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గర, ఫాస్ఫరస్ కాపర్ రాడ్ పారేది 700 పైచిలుకు. ఆ మధ్య ఖాళీలోనే మీ పనంతా.

సందు బాగుంటేనే రాడ్ పాకుతుంది. రెండు పైపుల మధ్య 0.05 నుంచి 0.15 మి.మీ. ఖాళీ చాలు. అంటే లోపలి పైపు చేత్తో దూరాలి, దూరాక లొడలొడలాడకూడదు.

1. పైపును కట్టర్‌తో కోసి, లోపలి అంచు బొరుసు తీయండి. పొడి లోపల పడకుండా మూతి కిందికి ఉంచండి.
2. బయట, లోపల తళతళలాడేదాకా ఎమెరీతో రుద్దండి. తర్వాత వేళ్లతో ముట్టొద్దు.
3. రాగికి రాగి అయితే ఫాస్ఫరస్ కాపర్ రాడ్‌కు ఫ్లక్స్ (వేడికి లోహం మీద పొర కట్టకుండా పూసే మందు) అక్కర్లేదు. ఒకవైపు ఇత్తడి ఉంటే ఫ్లక్స్ కావాలి. ఒకవైపు ఇనుము ఉంటే ఈ రాడే వద్దు. ఫాస్ఫరస్ ఇనుముతో కలిసి పెళుసు పొర కడుతుంది, కంప్రెసర్ అదురుకు పగులుతుంది. అక్కడ సిల్వర్ రాడ్, సిల్వర్ ఫ్లక్స్ వాడండి. కొనేటప్పుడు కాడ్మియం లేని రాడ్ అడగండి, కాడ్మియం పొగ ప్రాణాంతకం.
4. మంట మెత్తగా, వెడల్పుగా ఉండాలి. తెల్లకోన్‌ను పైపుకు అంగుళం దూరంలో ఉంచి, బయటి నీలిమంటతో వేడి చేయండి. ముందు లోపలికి దూరిన పైపును, తర్వాత బయటి పైపును, చుట్టూ తిప్పుతూ.
5. నీడలో చూస్తే ముదురు ఎరుపు కనపడగానే రాడ్‌ను మంటకు ఎదురువైపు ఆనించండి. పైపు వేడికే రాడ్ కరగాలి. కరగలేదంటే రాడ్ తీసి ఇంకాస్త వేడి చేయండి.
6. కరిగిన రాడ్ వేడి ఎక్కడుంటే అటు పరుగెత్తుతుంది. మంటను సందు లోపలి వైపుకు జరిపితే రాడ్ లోపలికి దిగుతుంది. చుట్టూ సన్నటి ఉంగరం కనపడితే చాలు, గుట్ట పోయక్కర్లేదు.
7. ఎరుపు పూర్తిగా పోయేదాకా కదపకండి, నీళ్లు కొట్టకండి.

ఫ్లక్స్ వాడితే అదే మీకు థర్మామీటర్. తెల్లటి ముద్ద ముందు పొంగి, ఆరి, చివరికి నీళ్లలా తేటబడుతుంది; తేటబడ్డాక రాడ్ పెట్టాలి. ఇత్తడి రాడ్‌కు వెలిగారం వాడతారు. దానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, రాడ్ కరిగేదే సుమారు 900 డిగ్రీల దగ్గర. తెల్లటి పొగ లేస్తే జింకు కాలిపోతోందని అర్థం, మంట దూరం జరపండి, పొగ పీల్చకండి. పని అయ్యాక ఫ్లక్స్‌ను వేడినీళ్లతో కడిగేయండి. వదిలేస్తే మన ఉప్పుగాలికి అక్కడే పచ్చగా తినేస్తుంది.

ఫ్రిజ్, ఏసీ పైపులకు ఇంకో మాట. లోపల గ్యాస్ ఉండగా టార్చ్ దగ్గరికి తేవద్దు. ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో ఆర్600ఏ ఉంటుంది, అది మండే గ్యాస్. ముందు గ్యాస్ ఖాళీ చేసి, పైపును కట్టర్‌తో కోసి, గాలి ఆడనిచ్చి అప్పుడు పని. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపులో నైట్రోజన్ సన్నగా పారనిస్తే లోపల నల్లటి పొరలు కట్టవు. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ పెట్టేవాళ్లున్నారు. కంప్రెసర్ ఆయిల్‌కు ఆక్సిజన్ తగిలితే బాంబే.

పెట్రోలు ట్యాంకు, డీజిల్ డ్రమ్ము, పురుగుమందు డబ్బా "ఖాళీదే అన్నా, ఒక్క చుక్క వేసివ్వు" అని తెస్తారు. వేయకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

10. టప్పుమంటే, ఆరిపోతే

టప్పుమని ఒక్కసారి పేలి ఆరడం బ్యాక్‌ఫైర్. భయపెడుతుంది కానీ కారణం చిన్నదే ఉంటుంది:

- నాజిల్ పనికి తగిలింది. దూరం పాటించండి.
- గ్యాస్ మరీ తగ్గించారు. పెద్ద నాజిల్‌తో చిన్న మంట కోసం ప్రయత్నిస్తే ఇదే జరుగుతుంది. గ్యాస్ బయటికి వచ్చే వేగం తగ్గేసరికి మంట లోపలికి నడుస్తుంది. మొదట చెప్పిన సూత్రం ఇందుకే.
- నాజిల్ వేడెక్కింది. ఎసిటిలిన్ మూసి, ఆక్సిజన్ సన్నగా వదులుతూ మూతిని నీళ్లలో ముంచండి.
- రంధ్రంలో మెటల్ చుక్క ఇరుక్కుంది. దానికి సరిపోయే నాజిల్ క్లీనర్ తిన్నగా దూర్చి తీయండి. పిన్నీసు, సైకిల్ పుల్ల దూర్చి రంధ్రం కోలగా చేస్తే కోన్ వంకరపోతుంది, ఆ నాజిల్ ఇక చిత్తుకే.
- నాజిల్ వదులుగా ఉంది. చల్లారాక బిగించండి.

కోన్ రెండుగా చీలినా, పక్కకు వంగినా ముందు నాజిల్ శుభ్రం చేయండి. రెగ్యులేటర్ జోలికి తర్వాత.

మంట మాయమై టార్చ్ లోపల కీచుమని చప్పుడు, పిడి వేడెక్కడం, మసి రావడం జరిగితే అది ఫ్లాష్‌బ్యాక్. ఆలోచించే టైం లేదు. టార్చ్ ఆక్సిజన్ వాల్వు ముందు మూయండి, వెంటనే ఎసిటిలిన్, తర్వాత రెండు సిలిండర్లు. హోసులు, అరెస్టర్లు, టార్చ్ తెలిసినవారి చేత చూపించేదాకా మళ్లీ వెలిగించొద్దు.

చెయ్యి కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. పేస్టు, సిరా, పసుపు పూయొద్దు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లండి.

11. ఆపడం

1. టార్చ్ ఎసిటిలిన్ వాల్వు మూయండి, తర్వాత ఆక్సిజన్. మీ టార్చ్ కాగితంలో వేరే వరుస ఉంటే అదే చేయండి.
2. రెండు సిలిండర్ల వాల్వులు మూయండి.
3. టార్చ్ ఎసిటిలిన్ వాల్వు తెరిచి హోసులో మిగిలింది వదిలి మూయండి. తర్వాత ఆక్సిజన్‌కూ అంతే.
4. గేజిలు రెండూ సున్నాకు వచ్చాయో లేదో చూడండి.
5. రెగ్యులేటర్ స్క్రూలు వదులు చేయండి.

టీకి వెళ్లినా ఈ వరుస పూర్తిచేసే వెళ్లండి. హోసులను పెద్ద చుట్లుగా చుట్టి నీడలో తగిలించండి, సిలిండర్ మెడకు బిగించి చుట్టొద్దు. పని చేసిన చోటును అరగంట తర్వాత ఇంకోసారి చూడండి, గోనెపట్టాల కింద దాగిన రవ్వ అప్పుడే బయటపడుతుంది. సిలిండర్ మార్చడానికి తీసుకెళ్లేటప్పుడు రెగ్యులేటర్ విప్పి, మూత బిగించి, ఆటో ట్రాలీలో నిలువుగా కట్టించండి. మూసిన కారు డిక్కీలో వేయొద్దు.